చూడగల చోట మౌనం, చూడలేని చోట మౌనం: ఎల్డెన్ రింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి అందిన ఉత్తరాలలో చాలావరకు ఎల్డెన్ రింగ్ గురించే ఉన్నందువల్ల, ఈ శీర్షికను పూర్తిగా ఆ ఒక్క గేమ్‌కే కేటాయిస్తున్నాము. జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ హిదెతకా మియాజాకి దర్శకత్వంలో రూపొందించిన ఈ యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్ 2022 ఫిబ్రవరి 25న విడుదలై, అదే ఏడాది డిసెంబరులో ద గేమ్ అవార్డ్స్‌లో ఆ సంవత్సరపు ఉత్తమ గేమ్‌గా ఎంపికైంది. నేను దీన్ని ఒకసారి కత్తితోనూ, మరోసారి మంత్రవిద్యతోనూ ఆడి ముగించాను. ఈ జవాబులకు ఆధారం ఆ రెండు ప్రయాణాలే. కథలోని ముఖ్యమైన మలుపులను వీలైనంతవరకు బయటపెట్టలేదు.

ప్రశ్న: ఈ తరహా గేమ్ ఆడడం నాకు ఇదే మొదటిసారి. ఆరంభంలో బయటి ప్రపంచంలోకి అడుగుపెట్టగానే బంగారు కవచం తొడిగిన గుర్రపు రౌతు ఎదురయ్యాడు. ఇరవైసార్లకు పైగా అతని చేతిలో చచ్చాను. మొదటి శత్రువే ఇంత బలవంతుడైతే ముందుకు వెళ్లేదెలా? ఇది గేమ్‌లోని లోపమా, నా చేతకానితనమా?

జవాబు: రెండూ కాదు. ట్రీ సెంటినెల్ అనే ఆ రౌతును అక్కడ నిలబెట్టింది మీరు ఓడించడానికి కాదు, తప్పించుకుని వెళ్లడం నేర్చుకోవడానికి. అతని చుట్టూ ఉన్న మైదానాన్ని ఒకసారి గమనించండి. దారి ఇరుకుగా లేదు, గోడలు లేవు, తలుపు మూసుకుపోలేదు. పక్కనున్న చెట్ల చాటునుంచి నడిచి వెళ్తే అతను మిమ్మల్ని చూడనైనా చూడడు. ఇదే సంస్థ 2011లో తెచ్చిన డార్క్ సోల్స్‌లో బలమైన శత్రువు అడ్డుపడితే చాలా సందర్భాలలో అతన్ని ఓడించడం తప్ప మరో మార్గం ఉండేది కాదు. ఎల్డెన్ రింగ్‌లో మాత్రం "ఇప్పుడు కాదు, తర్వాత వస్తాను" అని చెప్పి వెనుదిరిగే హక్కు ఆటగాడికి దాదాపు ప్రతిచోటా ఉంది, ఆ హక్కును వాడుకోవడం ఓటమి కింద లెక్కకు రాదు.

ఈ పాఠం ఇంత బాగున్నప్పటికీ, దాని పక్కనే ఒక తప్పు జరిగిందని నా అభిప్రాయం. విశ్రాంతి తీసుకునే ప్రతి సైట్ ఆఫ్ గ్రేస్ నుంచి ఒక బంగారు కిరణం వెళ్లవలసిన దిక్కును చూపిస్తుంది. కొత్త ఆటగాడు దాన్ని నమ్ముతాడు, నమ్మడమే సహజం. ఆ కిరణం అతన్ని నేరుగా స్టార్మ్‌వీల్ కోట ముందున్న మార్గిట్ అనే బాస్ (దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువు) దగ్గరకు తీసుకెళ్తుంది. ఆ సమయానికి అతని ఆయుధానికి పదును ఉండదు, కుప్పెలో మందు చాలదు, ప్రాణశక్తి రెండు దెబ్బలకు సరిపోదు. నా పరిచయస్తులలో గేమ్‌ను మధ్యలో మానేసినవారు ఎక్కువమంది ఆగిపోయింది ఇక్కడే. కిరణం చూపేది కథ నడిచే దిక్కును మాత్రమేనని, మీరు ఇప్పుడే నడవవలసిన దారిని కాదని గేమ్ ఎక్కడా స్పష్టంగా చెప్పదు.

అందువల్ల మీరు చేయవలసింది ఇది. రౌతును వదిలేయండి. ఉత్తరపు దారిలో కనబడే సైట్ ఆఫ్ గ్రేస్‌ల దగ్గర ఆగుతూ వెళ్తే, మెలీనా అనే యువతి ప్రత్యక్షమై లెవెల్ పెంచుకునే వీలును, టోరెంట్ అనే గుర్రాన్ని ఇస్తుంది. గుర్రం అందిన తర్వాత కోటవైపు కాక దక్షిణాన వంతెన దాటి వీపింగ్ పెనిన్సులాకు వెళ్లండి. అక్కడి శత్రువులు కోటలోని వారికన్నా బలహీనులు, అక్కడి పాత చర్చిలలో మీ మందు కుప్పె శక్తిని పెంచే సేక్రెడ్ టియర్‌లు దొరుకుతాయి. ఆ ప్రాంతమంతా తిరిగి మార్గిట్ దగ్గరకు వచ్చినప్పుడు అతని కర్ర అదే, వేగం అదే, కానీ మీరు తప్పు చేసినా సరిదిద్దుకునే వ్యవధి దొరుకుతుంది.

ప్రశ్న: ఏ క్లాస్ ఎంచుకోవాలి? లెవెల్ పెరిగినప్పుడు ఏ గుణానికి పాయింట్లు వేయాలి? ఒకసారి తప్పు చేస్తే మొదటినుంచి ఆడాలా?

జవాబు: క్లాస్ అంటే మీ పాత్ర ఆరంభ రూపం. పది క్లాసులున్నాయి. వాటి మధ్య తేడా తొలి కొన్ని గంటలకే పరిమితం. వ్యాగబాండ్ మంచి కవచంతో, డాలుతో 9వ లెవెల్ దగ్గర మొదలవుతాడు. ఆస్ట్రాలజర్ 6వ లెవెల్ దగ్గర మంత్రదండంతో మొదలవుతాడు. రెచ్ అయితే 1వ లెవెల్‌లో చేతిలో ఒక దుడ్డుకర్రతో, ఒంటిమీద కవచం లేకుండా నిలబడతాడు. మొదటిసారి ఆడేవారు రెచ్‌ను తప్ప ఎవరినైనా ఎంచుకోవచ్చు. దూరం నుంచి కొట్టడం నచ్చితే ఆస్ట్రాలజర్‌తో ఆరంభం చాలా సులువవుతుంది.

గుణాలు ఎనిమిది ఉన్నా, కొత్తవారు నిర్లక్ష్యం చేసేది ఒక్కటే: ప్రాణశక్తినిచ్చే విగర్. నేనూ మొదటిసారి అదే పొరపాటు చేశాను. బలం పెంచుకుంటే శత్రువు త్వరగా పడిపోతాడన్న ఆశతో విగర్‌ను 20 దగ్గరే వదిలేసి, ఆ తర్వాత రాజధాని లేండెల్‌లో వారాల తరబడి ఇరుక్కుపోయాను. విగర్ 40కి చేరితే ప్రాణశక్తి 1450, 60కి చేరితే 1900 అవుతుంది. 60 దాటి 99 వరకు పాయింట్లన్నీ పోసినా అది 2100 దగ్గరే ఆగుతుంది. కనుక లేండెల్‌లో అడుగుపెట్టే సమయానికి 40, ఆ తర్వాత మంచు పర్వతాలు ఎక్కేనాటికి దాదాపు 60 ఉండేలా చూసుకోండి. 60 దాటాక వేసిన పాయింటు వృథాయే.

ఆయుధం విషయంలో తొలి దశలో బలం పాయింట్లకన్నా కమ్మరి చేసే పని ముఖ్యం. మామూలు ఆయుధాలను స్మిథింగ్ స్టోన్‌లతో +25 వరకు, ప్రత్యేకమైన వాటిని సోంబర్ స్టోన్‌లతో +10 వరకు పెంచవచ్చు. ఎల్లే చర్చిలోని దాగలి దగ్గర +3 దాటి పెంచడం కుదరదు. ఆయుధాన్ని చివరి దశ దాకా పెంచాలంటే రౌండ్‌టేబుల్ హోల్డ్ అనే స్థావరంలోని కమ్మరి హ్యూ దగ్గరకే వెళ్లాలి. మరో లెక్క: ధరించిన బరువు మోయగలిగినదానిలో 70 శాతానికి చేరితే మీ పాత్ర దొర్లడం మందగిస్తుంది, దెబ్బ తప్పించుకోవడం కష్టమవుతుంది. కవచం అందంగా ఉందని వేసుకునే ముందు ఈ అంకెను చూసుకోండి.

మొదటినుంచి ఆడనక్కరలేదు. రాయా లుకారియా విద్యాపీఠంలో రెనాలా అనే బాస్‌ను గెలిచిన తర్వాత, లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి ఆమెకు ఇచ్చి పాయింట్లన్నీ మళ్లీ పంచుకోవచ్చు. అవి పరిమితంగానే దొరుకుతాయి కనుక, రోజుకొక బిల్డ్ (గుణాలు, ఆయుధాల కూర్పు) మార్చే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

ప్రశ్న: ఓపెన్ వరల్డ్ గేమ్‌లలో ఇదే శిఖరమని ఒక మిత్రుడు అంటాడు. అన్ని గుహలూ ఒక్కలాగే ఉన్నాయని, చంపిన బాస్‌నే మళ్లీ మళ్లీ చంపవలసి వచ్చిందని ఇంకొక మిత్రుడు విసుక్కుంటాడు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: మీ ఇద్దరు మిత్రులూ నిజమే చెబుతున్నారు. అయితే ఇద్దరూ గేమ్‌లోని వేర్వేరు పొరల గురించి మాట్లాడుతున్నారు.

ముందుగా నేల మీది ప్రపంచాన్ని చూద్దాం. 2015లో వచ్చిన ద విచర్ 3 వంటి గేమ్‌లలో మ్యాప్ తెరవగానే ఎక్కడ ఏముందో గుర్తులు కనిపిస్తాయి. ఆటగాడు ఒక గుర్తు నుంచి మరో గుర్తుకు నడుస్తాడు. ఎల్డెన్ రింగ్‌లో మ్యాప్ ముక్క చేతికి రాకముందు ఆ ప్రాంతం గోధుమరంగు మసకలా ఉంటుంది. ఆ మసకలో ఒక చిన్న రాతి స్తంభం బొమ్మ మాత్రం కనబడుతుంది, మ్యాప్ ముక్క దొరికేది అక్కడే. ముక్క దొరికాక కూడా అది చిత్రమే తప్ప జాబితా కాదు. చిత్రంలో గుండ్రంగా కనిపించేది శిథిలమో సరస్సో, కొండ అంచున ఎర్రగా ఉన్నది గనో కాదో మీ కంటితో పోల్చుకుని వెళ్లాలి. దూరాన ఏదైనా కనిపిస్తే దాదాపు ఎప్పుడూ అక్కడికి చేరే దారి ఒకటి ఉంటుంది. కష్టపడి చేరితే అక్కడ ఏదో ఒకటి మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

మిస్ట్‌వుడ్ అడవిలో ఒక రాతి కట్టడం ఉంది. అందులోని లిఫ్ట్ ఎక్కితే అది కిందికి దిగుతూనే ఉంటుంది. ఇంకా దిగుతుంది. ఏదో చిన్న బావి అనుకున్న చోట చివరకు భూగర్భంలో ఒక నది, దాని మీద నక్షత్రాలు నిండిన ఆకాశం లాంటి కప్పు తెరుచుకుంటాయి. మొదటిసారి అది చూసినప్పుడు కంట్రోలర్ పక్కన పెట్టి ఊరికే చూస్తూ ఉండిపోయాను. మ్యాప్‌లో దాని గుర్తు ముందే ఉండి ఉంటే ఆ నిమిషం నాకు దక్కేది కాదు. అలాగే ఆరంభ ప్రాంతంలోని ఒక శిథిలంలో ఉన్న పెట్టెను తెరిస్తే, పొగ కమ్మి ఆటగాడిని ఎక్కడో దూరాన కేలిడ్ అనే ప్రాంతంలోని ఒక స్ఫటికాల గనిలో పడేస్తుంది. ఆ గనిలోంచి బయటపడేదాకా మ్యాప్ సాయంతో మరోచోటికి వెళ్లడం కుదరదు. చివరకు బయటకు వచ్చి ఆ ఎర్రని ఆకాశాన్ని, కుళ్లిన నేలను చూసినప్పుడు ప్రపంచం ఎంత పెద్దదో, తాను అందులో ఎంత చిన్నవాడో ఆటగాడికి అర్థమవుతుంది. కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి అని కథల్లో విన్న మాటకు ఒక రూపం చూసినట్టు ఉంటుంది. గేమ్ నోరు విప్పి ఏదీ చెప్పదు. అయితే చూసే కంటికి ఆనవాలు దొరికేలా అన్నీ అమర్చి పెడుతుంది. దీని అసలు బలం అక్కడే ఉంది.

స్టార్మ్‌వీల్, రాయా లుకారియా, లేండెల్ వంటి పెద్ద కోటలలో కూడా ఇదే శ్రద్ధ కనిపిస్తుంది. స్టార్మ్‌వీల్‌లో పెద్ద ద్వారం గుండా వెళ్లవచ్చు, లేదా కొండ అంచున విరిగిన గోడల మీదుగా చాటుగా వెళ్లవచ్చు. కోటలోకే వెళ్లకుండా పక్కనున్న కాలిబాటన తర్వాతి ప్రాంతమైన లియుర్నియాకు చేరుకోవచ్చు కూడా.

ఇక రెండో మిత్రుడి మాట. ఇంత పెద్ద నేలను నింపడానికి చేసిన చిన్న గుహలు, సమాధి మందిరాలు, గనులు ఆ శ్రద్ధకు నోచుకోలేదు. సమాధి మందిరాల గోడలు, తలుపులు, మెట్లు, మంటలు చిమ్మే స్తంభాలు ఒక మూసలో పోసినట్టు ఉంటాయి. ఎర్డ్‌ట్రీ అవతార్, అల్సరేటెడ్ ట్రీ స్పిరిట్, నైట్స్ కావల్రీ వంటి బాస్‌లు లెక్కకు మించి ఎదురవుతారు. వీటిని కొంతవరకు క్షమించవచ్చు, ఎందుకంటే ఆ జాతి జీవులు ఒకటికన్నా ఎక్కువ ఉండడం కథకు విరుద్ధం కాదు. నన్ను నిజంగా బాధించినవి రెండు. కథలో అంత ప్రాముఖ్యమున్న బాస్ గోడ్రిక్ పోరాట రీతిని, గోడ్‌ఫ్రాయ్ అనే మరో పేరుతో ఒక చిన్న చెరసాలలో తిరిగి వాడుకున్నారు. ఒక సుదీర్ఘమైన క్వెస్ట్ (ఒక పాత్ర అప్పగించే పనుల వరస) చివర అపురూపంగా దర్శనమిచ్చే ఆస్టెల్ అనే బాస్‌ను మంచు మైదానంలోని ఒక గుహలో మరోసారి దించారు. ఒక్కసారి మాత్రమే కలిగే ఆశ్చర్యాన్ని రెండోసారి అమ్మజూపితే మొదటిదాని విలువ కూడా తగ్గుతుంది. గేమ్ నిడివి నాలుగో వంతు తగ్గి ఇవి లేకుండా ఉంటే ఇంకా గొప్పగా ఉండేదని నా నమ్మకం.

మీకు నేనిచ్చే సలహా: అన్ని గుహలూ పూర్తిచేయాలన్న పట్టుదల వద్దు. బయట తిరుగుతూ కంటికి ఆనినవాటిలోకి వెళ్లండి, విసుగు కలిగితే వదిలేయండి.

ప్రశ్న: మధ్యలో ఎవరైనా పిలిస్తే ఆటను ఆపేందుకు పాజ్ లేదని విన్నాను. నిజమేనా?

జవాబు: పాజ్ అనే మీట లేదు. మెనూ తెరిచినా శత్రువు వచ్చి కొడుతూనే ఉంటాడు. అయితే ఒంటరిగా ఆడుతున్నప్పుడు మెనూలోని సహాయం మీట నొక్కి "మెనూ వివరణ" తెరిస్తే ఆట ఆగుతుందని విడుదల తర్వాత ఆటగాళ్లు కనిపెట్టారు. పసిపిల్లలున్నవారికి, ఇంట్లో పెద్దవారిని చూసుకునేవారికి ఇంత అవసరమైన సదుపాయం అలా దాగి ఉండవలసింది కాదు.

ప్రశ్న: కథ నాకు అర్థం కావడం లేదు. ఒక పాత్ర ఏదో పని చెప్పి మాయమవుతుంది, మళ్లీ ఎక్కడ కలుస్తుందో తెలియదు. క్వెస్ట్‌లు రాసి ఉంచే పట్టిక కూడా లేదు. ఇది గొప్పతనమని కొందరు ఎందుకు వాదిస్తున్నారు?

జవాబు: ఆ వాదనలో సగంతో నేను ఏకీభవిస్తాను, మిగతా సగంతో గట్టిగా విభేదిస్తాను.

ఏకీభవించే సగం కథ గురించి. ఈ ప్రపంచపు పూర్వగాథను రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాశారు. ఆ గాథ మీద, అది జరిగి ఎంతో కాలం గడిచాక ఏమి మిగిలిందో మియాజాకి బృందం అల్లింది. కాబట్టి మనకు దొరికేది కథ కాదు, కథ శిథిలం. కత్తి కింద రాసిన నాలుగు వాక్యాలు, ఒక గోడమీది శిల్పం, ఒక శవం పడి ఉన్న తీరు, ఇవన్నీ కలిపి ఎవరికి వారు ఊహించుకోవాలి. శ్రద్ధ ఉన్నవారికి ఇది నిజంగా ఆనందాన్నిచ్చే పని. ఆ ఆధారాలు ఎక్కడికీ పోవు, ఎప్పుడైనా తిరిగి వెళ్లి చూడవచ్చు, తీరిగ్గా ఆలోచించవచ్చు.

క్వెస్ట్‌ల విషయం అలా కాదు. జాడీ రూపంలో ఉండే యోధుడు అలెగ్జాండర్‌ను తీసుకోండి. మొదట కొండమీద ఒక గుంతలో ఇరుక్కుని కేకలు వేస్తూ ఉంటాడు. ఆ కేక వినబడుతుంది కనుక అతన్ని కనుక్కోవచ్చు, అది చక్కని పద్ధతి. ఆ తర్వాత కేలిడ్‌లోని ఉత్సవం దగ్గర కలుస్తాడు. ఉత్సవానికి వెళ్తున్నానని ముందే చెబుతాడు కనుక అదీ సరే. కానీ ఆ మీదట ఎక్కడెక్కడో ఒక మూల, ఒక లావా గుంట పక్కన, అటువైపు వెళ్లడానికి మీకు వేరే కారణమేదీ లేని చోట్ల నిలబడి ఉంటాడు. మీరు వేరే దారిన ముందుకెళ్లిపోతే అతని కథ మీకు తెలియకుండానే తెగిపోతుంది. ఇక్కడ ఆటగాడు ఎంత శ్రద్ధగా చూసినా ప్రయోజనం లేదు, ఎందుకంటే చూడడానికి ఆనవాలే లేదు. నేల విషయంలో పనిచేసిన మౌనం మనుషుల విషయంలో పనిచేయకపోవడానికి కారణం ఇదే. కొండ ఉన్నచోటే ఉంటుంది. మనిషి కదిలిపోతాడు, కదిలినట్టు మనకు తెలియదు.

దీన్ని రూపకర్తలు కూడా కొంతవరకు గుర్తించినట్టే ఉంది. 2022 మార్చిలో వచ్చిన 1.03 అప్‌డేట్‌తో, ఒకసారి కలిసిన పాత్రలు ఎక్కడున్నారో మ్యాప్‌లో పేరుతో సహా నమోదవడం మొదలైంది. విడుదల నాటికి అర్ధాంతరంగా ఆగిపోయిన నెఫెలీ లూ, కెన్నెత్ హైట్ వంటివారి కథలకు తర్వాతి ఘట్టాలు కూడా అందులోనే చేర్చారు. అయినా ఒక పాత్ర తదుపరి ఎక్కడికి వెళ్తుందో మ్యాప్ చెప్పదు. చెప్పాలని నేనూ కోరను. కనీసం ఆ పాత్ర అన్న చివరి మాటలను రాసి ఉంచే ఒక పుట ఉంటే చాలు, రెండు వారాల తర్వాత మళ్లీ ఆట తెరిచినవారికి దారి తప్పేది కాదు.

మీరు ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకుని ఎవరు ఎక్కడ కలిశారో, ఏ ఊరి పేరు చెప్పారో రాసుకోండి. రానీ అనే పాత్ర ఇచ్చే క్వెస్ట్ ఒక్కదాని విషయంలో మాత్రం మొహమాటపడకుండా ఎవరి సాయమైనా తీసుకోండి. అది ఈ గేమ్‌లోని అత్యుత్తమమైన ప్రాంతాలలో కొన్నింటికి తీసుకెళ్తుంది, ఒక ముగింపుకు కూడా దారి తీస్తుంది. అది తెలియక పోగొట్టుకోవడం మంచిది కాదు.

ప్రశ్న: స్పిరిట్ యాష్‌లను పిలిచి బాస్‌లను చంపితే అది నిజమైన గెలుపు కాదని కొందరు ఎగతాళి చేస్తున్నారు. మరోవైపు, అవి లేకుండా చివరి బాస్‌లను ఎదుర్కోవడం అన్యాయంగా అనిపిస్తోంది. మీ అభిప్రాయం?

జవాబు: ఎగతాళిని పట్టించుకోకండి. సాయంగా ఆత్మలను పిలిచే గంటను గేమ్ మీ చేతికి మొదటి గంటలలోనే ఇస్తుంది, ఆ ఆత్మలను +10 వరకు బలపరచుకునే ఏర్పాటు చేస్తుంది, వాటి కోసం గుహలు, సమాధులు తిరగమంటుంది. ఇదంతా చేసి చివరకు వాడవద్దని ఏ రూపకర్తా అనుకోడు. కఠినత్వాన్ని ఎంచుకునే మీట లేని గేమ్‌లో ఆ పనిని ఇవే చేస్తున్నాయి.

బాస్‌ల అన్యాయం గురించి మీరు అన్నది మాత్రం లోతుగా ఆలోచించవలసిన సంగతి. ఈ గేమ్‌లో పోరాటానికి పునాది ఎంతో గట్టిది. డాలుతో దెబ్బను ఆపిన వెంటనే ఎదురుదెబ్బ కొట్టే గార్డ్ కౌంటర్, ఎగిరి కొట్టే దెబ్బ, శత్రువు నిలకడను విరగ్గొట్టి ప్రాణాంతకంగా పొడవడం, మామూలు ఆయుధాలకు మార్చి తగిలించుకోగల ప్రత్యేక దాడులైన యాషెస్ ఆఫ్ వార్, ఇవన్నీ కలిసి ఒక్కొక్కరికి ఒక్కొక్క పోరాట శైలిని ఇస్తాయి. మొదటి సగంలో ఇది అచ్చమైన కత్తిసాము. గురువు చూపిన దెబ్బను చదివి బదులు చెప్పడమే.

మంచు పర్వతాలు దాటాక ఈ సమతూకం చెదురుతుంది. శత్రువుల దెబ్బ ఒక్కసారిగా బరువెక్కుతుంది, వారు వరసగా కొట్టే దెబ్బల గొలుసు పొడవు పెరుగుతుంది. మార్గిట్ దగ్గరే పరిచయమైన పద్ధతి, అంటే కర్ర ఎత్తి మనం దొర్లేదాకా ఆపి ఆ తర్వాత దించడం, చివరి బాస్‌లలో దాదాపు అందరికీ అంటుకుంటుంది. చూసి స్పందించడం కాక గుర్తుపెట్టుకుని స్పందించడం తప్పనిసరి అవుతుంది. మలీనియా అనే బాస్ దీనికి పరాకాష్ఠ. ఆమె కొట్టిన ప్రతి దెబ్బ తగిలినప్పుడల్లా ఆమె ప్రాణం కొంత తిరిగి వస్తుంది, డాలుతో ఆపినా వస్తుంది. కనుక ఇంతవరకు డాలు నమ్ముకుని వచ్చినవాడు తన విద్యనే మరిచిపోవలసి వస్తుంది. ఆమె నృత్యంలాంటి వాటర్‌ఫౌల్ దాడిని దగ్గర నుంచి తప్పించుకోవడం గేమ్ అప్పటిదాకా నేర్పిన ఏ పాఠంతోనూ సాధ్యపడదు. ఆమెను ఓడించకుండానే గేమ్‌ను ముగించవచ్చు కాబట్టి ఇది పూర్తి అన్యాయం అనను. నాకు ఆమె మీద గెలుపు వచ్చిన రాత్రి ఎంత సంతోషం కలిగిందో ఇప్పటికీ గుర్తుంది. కానీ ఆ కొలతనే మిగతా ముఖ్య బాస్‌లకూ పెట్టడం సరికాదు.

కెమెరా కూడా ఒక శత్రువే. ఫైర్ జెయింట్ వంటి మహాకాయుడి మీదే కెమెరా గురిని లాక్ చేసి పోరాడితే తెర నిండా అతని మడమలే కనిపిస్తాయి, పైనుంచి ఏ దెబ్బ వస్తోందో కనబడదు. అలాంటి చోట లాక్ వదిలేసి, గుర్రం మీద దూరదూరంగా తిరుగుతూ కొట్టండి. కథలో చివరగా ఎదురయ్యే ఎల్డెన్ బీస్ట్ అయితే విశాలమైన నీటిమీద పరుగులు తీస్తూ ఉంటుంది. అంత దూరం కాలినడకన వెంటపడవలసి రావడం చాలాకాలం పెద్ద ఫిర్యాదుగా ఉండేది. 2024 జూన్ అప్‌డేట్‌తో అక్కడ కూడా టోరెంట్‌ను పిలిచే వీలు కల్పించారు. రెండేళ్లు ఆలస్యమైనా సరైన నిర్ణయం.

ప్రశ్న: ఇద్దరు స్నేహితులం మొదటినుంచి చివరిదాకా కలిసి ఆడాలనుకుంటున్నాం. వీలవుతుందా?

జవాబు: వీలవుతుంది, కానీ సాఫీగా సాగదు. ఇద్దరూ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుని, ఒక ప్రత్యేకమైన వస్తువును వాడి, నేలమీద గుర్తు రాసి ఒకరినొకరు పిలుచుకోవాలి. కలిసి ఉన్నంతసేపూ గుర్రం రాదు, స్పిరిట్ యాష్‌లు రావు. ఆ ప్రాంతపు బాస్ చనిపోగానే సాయానికి వచ్చినవారు తమ లోకానికి వెళ్లిపోతారు. కథ ముందుకు జరిగేది పిలిచినవారికే కనుక, అదే బాస్‌ను రెండోవారి లోకంలో మళ్లీ చంపాలి. పైగా తోడును పిలిచినప్పుడే ఇతర ఆటగాళ్లు మీ మీద దాడికి రాగలరు. ఒంటరిగా ఆడేవారికి, కోరి పిలుచుకుంటే తప్ప, ఆ బెడద లేదు. ఇంత విశాలమైన నేలలో గుర్రం లేకుండా నడవడం ఎంత నీరసమో ఒక సాయంత్రంలోనే తెలిసిపోతుంది. కష్టమైన బాస్ దగ్గరో, ఒక కోటలోనో కలిసి ఆడి, మిగతా ప్రయాణం విడివిడిగా చేయడం మేలు. పూర్తిగా కలిసి ఆడడమే ముఖ్యమైతే, ముగ్గురి బృందాన్ని దృష్టిలో పెట్టుకుని ఇదే సంస్థ 2025 మే 30న విడుదల చేసిన నైట్‌రెయిన్ అనే వేరే గేమ్ ఉంది.

ప్రశ్న: కంప్యూటర్‌లో ఆడితే ఇబ్బందులున్నాయా?

జవాబు: సెకనుకు 60 ఫ్రేములు దాటి వెళ్లనివ్వరు, ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నా అంతే. వెడల్పాటి మానిటర్‌లో రెండు పక్కలా నల్లని పట్టీలు ఉండిపోతాయి. విడుదలైన కొత్తలో, కొత్త ప్రాంతంలోకి వెళ్లినప్పుడు చిత్రం క్షణకాలం బిగుసుకుపోయే సమస్య ఎక్కువగా ఉండేది, అది తర్వాత కొంత తగ్గింది. కీబోర్డుతో ఆడవచ్చు కానీ, ఒకేసారి దొర్లడం, గురి మార్చడం, మందు తాగడం చేయవలసిన ఈ ఆటకు కంట్రోలరే నప్పుతుంది.

ప్రశ్న: మూల గేమ్ ముగించాను. షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ విస్తరణ ఆడదగినదేనా? తన పాత్ర 150వ లెవెల్‌లో ఉన్నా అక్కడి సాధారణ సైనికుడే తనను చంపేస్తున్నాడని ఒక పరిచయస్తుడు వాపోయాడు.

జవాబు: ఆడదగినదే. 2024 జూన్ 21న వచ్చిన ఈ విస్తరణలోకి వెళ్లాలంటే ముందు మూల గేమ్‌లోని బాస్‌లు రాడాన్‌ను, మోగ్‌ను ఓడించి ఉండాలి. మోగ్ తప్పనిసరి బాస్ కాదు కనుక, గేమ్ ముగించినా అతన్ని కలవనివారు ముందు అతని భూగర్భ మందిరాన్ని వెతుక్కోవాలి.

మీ పరిచయస్తుడి ఇబ్బందికి కారణం లెవెల్ కాదు. అక్కడ స్కాడుట్రీ ఫ్రాగ్మెంట్‌లు అనే ముక్కలు చెల్లాచెదురుగా ఉంటాయి. వాటిని సైట్ ఆఫ్ గ్రేస్ దగ్గర సమర్పిస్తే మీరు చేసే గాయం పెరుగుతుంది, మీకు తగిలే గాయం తగ్గుతుంది. ఈ వరం 20 దశల వరకు పెరుగుతుంది. మూల గేమ్‌లో ఎంత బలవంతుడైనా కొత్త లోకంలో మళ్లీ తిరిగి, వెతికి, బలం సంపాదించుకోవాలన్నది దీని ఉద్దేశం. నాకు ఈ ఆలోచన ఎంతో నచ్చింది, ఎందుకంటే ఈ గేమ్ బాగా చేసే పనినే, అంటే నేలను శోధించడాన్నే, ఇది గెలుపుకు మార్గం చేసింది. అయితే చాలామంది ఈ ముక్కల సంగతి పట్టించుకోకుండా నేరుగా బాస్‌ల మీదికి వెళ్లి, విస్తరణ మితిమీరి కఠినంగా ఉందని ఫిర్యాదు చేశారు. విడుదలైన కొద్ది రోజులకే ఒక అప్‌డేట్‌తో తొలి దశల ప్రభావాన్ని పెంచవలసి వచ్చింది.

ఇందులో నేల ఒక అంతస్తు మీద మరో అంతస్తు పేర్చినట్టు ఉంటుంది. మ్యాప్‌లో పక్కపక్కనే కనిపించే రెండు చోట్లకు మధ్య పెద్ద లోయ ఉండి, దారి ఎక్కడో సమాధుల కిందనుంచి మొదలవుతుంది. దారి వెతకడంలో ఇంత సంతృప్తి మూల గేమ్‌లో కూడా కొద్దిచోట్లే దొరికింది. చిన్న గుహల సంఖ్య తగ్గించి, ఒక్కొక్కదాన్ని పెద్దదిగా, వేరుగా చేశారు. ఆ మేరకు పాత తప్పు దిద్దుకున్నారు. కానీ దక్షిణ సముద్రతీరం, అబిస్సల్ అడవి వంటి చోట్ల నేల కంటికి అద్భుతంగా ఉండి చేతికి ఏమీ తగలదు. ఆ అడవిలో గుర్రం కూడా రాదు.

చివరి బాస్ మొదట్లో మలీనియాను మించిన వేధింపుగా ఉండేవాడు. రెండో దశలో అతను చిమ్మే వెలుగుకు తెర కనిపించేది కాదు. 2024 సెప్టెంబరు అప్‌డేట్‌లో అతని కొన్ని దాడులను తగ్గించి, ఆ వెలుగును కూడా అదుపులోకి తెచ్చారు. ఇప్పుడు వెళ్తున్నారు కనుక మీరు చూసేది ఆ సరిదిద్దిన రూపమే. అయినా అతని గుమ్మం తొక్కే ముందు వరం కనీసం 15వ దశ దాటిందో లేదో చూసుకోండి. దాటకపోతే మ్యాప్ తెరిచి, మీరు ఇంకా అడుగుపెట్టని మూలలేవో గుర్తించి ముందు అటు వెళ్లండి.